ముక్కెర మూడో కాటు

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న చిలక కరిచింది.

అడవన్నాక ఎవరో ఒకరు ఎవరినో ఒకరిని కరుస్తూనే ఉంటారు, దానికో కథా అంటారు మీరు. నిజమే. పులి జింకని కరిస్తే భోజనం. పాము కప్పని కరిస్తే అదీ భోజనమే. కానీ ఈ చిలక కరిచింది అడవి సభాధ్యక్షులు ఎలుగుబంటి గుబురయ్య గారిని. అదీ నిండు సభలో. అందుకని అది కథ అయి కూచుంది.

ముందు చిలక సంగతి చెప్పాలి. దాని పేరు ముక్కెర. ఎర్రటి ముక్కు చూసి కొండమ్మ పెట్టిన పేరది. కొండమ్మంటే ముసలి కొండముచ్చు. రెండేళ్ల కిందట గాలివానకి గూడు చెదిరి, ఒంటి మీద ఈకైనా లేని పిల్ల బురదలో పడి ఉంటే కొండమ్మ ఎత్తుకొచ్చింది. పళ్లు నమిలి గుజ్జు చేసి నోట్లో పెట్టి బతికించింది. బతికింది గానీ ఎడమ రెక్క వంకరగానే ఉండిపోయింది. కొమ్మ మీంచి కొమ్మకి గెంతడమే తప్ప ఎగరడం రాదు.

"ఎగరలేని చిలకని ఊరికే వదిలేస్తే ఎన్నాళ్లు బతుకుతుందయ్యా? మీరే ఏదో ఒక దారి చూపించాలి" అని కొండమ్మ దాన్ని సభకి తెచ్చి మొర పెట్టుకుంది.

గుబురయ్య గారిది జాలిగుండె. ఆ జాలి నలుగురి కంటా పడితే ఆయనకి మరీ ఇష్టం. "ఇవాళ్టి నుంచి ఇది ఆస్థాన చిలక" అని ప్రకటించేశారు. సభ జరిగే బండ పక్కన, తన పీటకి చెయ్యి అందే దూరంలో ఒక నేరేడు కొమ్మ కేటాయించారు. తిండి పెట్టడం, కొమ్మ శుభ్రం చెయ్యడం కొండమ్మ పని.

అడవిలో అందరూ మాట్లాడతారు కదా, చిలక మాట్లాడదా అంటారేమో. బ్రహ్మాండంగా మాట్లాడుతుంది. కానీ అది పెరిగిందంతా సభలో. అక్కడ విన్న మాటలే దానికి వచ్చు. "చిత్తం", "ఆమోదించడమైనది", "తదుపరి అంశం". ఈ మూడే. "వద్దు" అనే మాట ఆ సభ పుట్టిన దగ్గర్నుంచి అక్కడ ఎవరూ అన్న పాపాన పోలేదు. మరి దానికెలా వస్తుంది?

ఇంక గుబురయ్య గారికి ఒక అలవాటుంది. సభలో విసుగు పుట్టినప్పుడల్లా, అంటే ఎవరైనా తమ కష్టం చెప్పుకుంటున్నప్పుడల్లా, పక్కకి తిరిగి ముక్కెర నెత్తి మీద పంజా పెట్టి నిమురుతారు. ఎలుగుబంటి పంజా! చిలక మొత్తానికి అది రెండింతలుంటుంది. పైనుంచి దిగేది డేగ కాలో అధ్యక్షుల వారి ప్రేమో ఆ పిల్లకేం తెలుస్తుంది, చెప్పండి? ఇన్నాళ్లూ కొమ్మ చివరికి జరిగి ఎలాగో తప్పించుకునేది.

ఆ రోజు కుందేలు వీరాస్వామి అర్జీ చదువుతున్నాడు. పేరుకి వీరాస్వామి గానీ ఆకు కదిలితే అదిరిపడే రకం. అతని కష్టం చాలా చిన్నది. సభకి ముందు బండ కడుగుతారు. కడిగిన నీళ్లన్నీ పోయి అతని బొరియలో పడతాయి. "కాస్త కాలవ పక్కకి తిప్పించండి అధ్యక్షా" అని మూడేళ్లుగా అడుగుతున్నాడు. మూడేళ్లుగా అతని పెళ్లాంపిల్లలు తడి నేల మీదే పడుకుంటున్నారు.

"అధ్యక్షా, ఇది నా పదకొండో అర్జీ..." అన్నాడు వీరాస్వామి.

గుబురయ్య గారు ఆవులించి ముక్కెర వైపు తిరిగారు. పంజా లేచింది. ముక్కెర కంటిపాప చిన్నదైంది, పెద్దదైంది, మళ్లీ చిన్నదైంది. మెడ మీద ఈకలు లేచాయి. "కిర్ర్ర్" అంది.

పంజా దిగింది. ముక్కెర కరిచింది.

"చచ్చాన్రోయ్!" అని ఆయన పెట్టిన కేకకి నేరేడు పళ్లు రాలిపడ్డాయి. సభ సభంతా పరిగెత్తుకొచ్చింది. ఒకరు నీళ్లంటారు, ఒకరు పసరంటారు, ఇంకొకరు "హవ్వ, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే" అంటారు. ఇంత సందడి తన కొమ్మ చుట్టూ ముక్కెర ఎప్పుడూ చూడలేదు. తల అటూ ఇటూ తిప్పి అందరినీ చూసి, "తదుపరి అంశం" అంది.

విచారణ మొదలైంది.

ఇక్కడ ఆ అడవి ఆచారం ఒకటి చెప్పుకోవాలి. పూర్వం ఎప్పుడో ఒక అడవిపంది విచారణకి వచ్చి, కోపం ఆపుకోలేక అధ్యక్షుడి పీటని కూడా పొడిచి పారేసిందట. అప్పట్నుంచీ ఒక నియమం పెట్టారు. కరిచినవాళ్లకైనా, పొడిచినవాళ్లకైనా విచారణకి ముందు ఒక దోర జామపండు పెట్టి కోపం చల్లార్చాలి. దానికి శాంతిఫలం అని పేరు. ఇంకో నియమం కూడా ఉంది. మూడు కాట్లు పడితే ఏరు దాటించెయ్యాలి. ఏరు అవతల డేగల దిబ్బ. అక్కడ చెట్టూ లేదు, చాటూ లేదు. ఎగరలేని చిలకకి అది ఒక పూట బతుకు.

గుమాస్తా పానకాలు ముళ్లపంది. కలం కోసం వెతుక్కోవాల్సిన పని లేదు, వీపులోంచి ఒక ముల్లు పీక్కుని రాసేస్తాడు. మంచివాడే. కాకపోతే నియమం దాటి ముందుకొక అడుగు వెయ్యడు. ముక్కెర ముందు జామపండు పెట్టి, "నిందితురాలు శాంతిఫలం స్వీకరించింది" అని రాసుకున్నాడు. ముక్కెర పండంతా తింది. రోజూ కొండమ్మ పెట్టే గింజల కంటే ఇదే బాగుందనుకుంది కాబోలు.

"అయ్యా, ఒక్క మాట" అని లేచింది కొండమ్మ. "ఈ పిల్ల ఊరికే కరవలేదు. మూడుసార్లు చెప్పింది. మొదట కంటితో చెబుతుంది, తర్వాత ఈకలతో, తర్వాత గొంతుతో. మూడూ వినకపోతేనే ముక్కుతో చెబుతుంది. మెడ ఈకలు లేచాయంటే చెయ్యి వెనక్కి తీసుకోండి, అంతే. నిమరాలనిపిస్తే పైనుంచి కాదు, ఎదర నుంచి వేలు చూపించండి. దానికిష్టమైతే అదే వస్తుంది."

"అంటే చిలక అనుమతి తీసుకుని అధ్యక్షులవారు చెయ్యి ఎత్తాలా?" అన్నాడు పానకాలు నోరెళ్లబెట్టి.

"పోనీ, రాసుకో నాయనా."

"ఎలా రాస్తానమ్మా? ఈ విషయం ఇవాళ్టి అంశాల్లో లేదు."

"ఒకటో కాటు. మందలించి వదిలెయ్యడమైనది" అన్నారు గుబురయ్య గారు చెయ్యి ఊదుకుంటూ. వీరాస్వామి అర్జీ సంగతి అందరూ మర్చిపోయారు. అతను మాత్రం ఇంటికెళ్లి పిల్లల్ని పొడి మూలకి జరుపుకున్నాడు.

ఎనిమిదో రోజున మళ్లీ అదే పంజా, అదే కిర్ర్ర్, అదే కాటు. మళ్లీ అదే కేక, అదే సందడి, అదే జామపండు. రెండో కాటు.

కొండమ్మ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. ఇంకొక్కటి పడితే ఈ పిల్ల తనది కాదు, డేగలది.

"ఇది ఇలా వదిలేస్తే కుదరదు. ఎవరైనా తెలిసినవాళ్లని పిలిపించండి" అన్నారు గుబురయ్య గారు.

అలా వచ్చాడు పట్నం కాకి కనకారావు. మెడ చుట్టూ బూడిదరంగు, మాటకి ముందు దగ్గు, దగ్గుకి ముందు చిరునవ్వు. వస్తూనే చిలకల దూకుడు నివారణ సంఘం అని ఒకటి పెట్టించాడు. దానికి అధ్యక్షుడు తనే, సభ్యుడూ తనే.

"చూడండి, నేను పశువుల ఆసుపత్రి గోడ మీద పన్నెండేళ్లు కూచున్నాను" అన్నాడు కనకారావు.

"లోపలికి వెళ్లావా నాయనా?" అని అడిగింది కొండమ్మ.

"లోపలికెళ్తే తరుముతారమ్మా."

మూడు రోజులు ముక్కెర ఎదురుగా కూచుని చూశాడు. నాలుగో రోజు సభలో దగ్గి, నవ్వి, చెప్పాడు. "అధ్యక్షా, జబ్బెక్కడుందో పట్టేశాను. కరిచే ముందు ప్రతిసారీ ఈ చిలక కిర్ర్ర్ మంటోంది. అంటే కాటుకి మూలం కిర్ర్. కిర్ర్ ని ఆపితే కాటు దానంతటదే ఆగిపోతుంది."

సభంతా "ఆహా" అంది. పానకాలు కొత్త ముల్లు పీకి మరీ రాసుకున్నాడు.

"అయ్యో రామ!" అని నెత్తి కొట్టుకుంది కొండమ్మ. "ఉరమకూడదని మబ్బు నోరు మూసేస్తే పిడుగు పడటం మానేస్తుందా? అది అరవడం కాదయ్యా, చెప్పడం. చెప్పే దారి మూసేస్తే ఇంక దానికి మిగిలేది ముక్కొక్కటే."

"కొండమ్మా, పెంచిన ప్రేమ వేరు, శాస్త్రం వేరు" అన్నారు గుబురయ్య గారు.

ఆ రోజు నుంచి వెదురుబుట్ట వచ్చింది. ముక్కెర కిర్ర్ర్ మందా, బుట్ట బోర్లిస్తారు. పొద్దు వాలేదాకా చీకట్లోనే. ఈకలు లేపిందా, బుట్ట. కొమ్మ చివరికి జరిగిందా, అదీ బుట్టే. బుట్ట మొయ్యడానికి రెండు రేచుకుక్కల్ని భటులుగా పెట్టారు.

కొండమ్మ బుట్ట పక్కనే కూచునేది. "ఇక్కడే ఉన్నానే తల్లీ, ఎక్కడికీ పోలేదు" అని వెదురు సందుల్లోంచి కబుర్లు చెప్పేది. మొదట్లో లోపలి నుంచి "చిత్తం" అని వినపడేది. పోనుపోను అదీ లేదు.

మొదటి వారం పధ్నాలుగు కిర్ర్ లు. రెండో వారం అయిదు. మూడో వారం ఒక్కటీ లేదు. కనకారావు బండ మీద బొగ్గుతో గీతలు గీసి చూపించాడు. గీత కొండ దిగినట్టు దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ముక్కెరని మాత్రం ఎవరూ చూడలేదు. పొద్దున్నే కొండమ్మ కనబడగానే తలాడిస్తూ కొమ్మంతా పరుగులు పెట్టే పిల్ల, ఇప్పుడు కొయ్యబొమ్మలా కూచుంటోంది. రొమ్ము మీద ఈకలు తనే పీక్కుంటోంది. కొండమ్మ చూసింది గానీ ఎవరికి చెప్పుకుంటుంది? సభలోనే చెప్పుకోవాలి. అక్కడేమో గీత దిగింది.

ఇంతటితో ఆగితే బాగుండేది. గుబురయ్య గారికి బుట్ట మహా నచ్చింది.

"కనకారావూ, ఈ అర్జీలు కూడా ఒక రకం కిర్ర్ లేనంటావా?" అని అడిగారు.

కనకారావు దగ్గి, నవ్వి, "అచ్చం అంతే అధ్యక్షా. ఇవాళ అర్జీ పెట్టేవాడే రేపు కరుస్తాడు" అన్నాడు.

మర్నాడు వీరాస్వామి పన్నెండో అర్జీతో వచ్చాడు. "అధ్యక్షా, నీళ్లు..." అన్నాడో లేదో, పెద్ద బుట్టొకటి నెత్తిన పడింది. పొద్దు వాలేదాకా చెవులు మడుచుకుని అందులోనే కూచున్నాడు. ఆ మర్నాడు జింకలు మేత సంగతి అడగబోయి బుట్టలోకి వెళ్లాయి. తర్వాత పందులు. నెల తిరక్కుండా అడవిలో అర్జీ అన్నమాట వినపడకుండా పోయింది. పానకాలుకి పని లేక వీపు మీద ముళ్లు దట్టంగా పెరిగాయి.

"మూడేళ్లలో నేను తీర్చలేని కష్టాలన్నీ ఒక్క నెలలో తీరిపోయాయి" అని గుబురయ్య గారు మురిసిపోయారు.

మురిసిపోయి ఊరుకుంటారా? శాంతి మహోత్సవం పెట్టించారు. బండకి పూలదండలు కట్టారు. శుభ్రంగా నాలుగుసార్లు కడిగారు. ఆ నీళ్లెక్కడికి పోయాయో నేను చెప్పక్కర్లేదు. పక్క అడవి నుంచి పెద్దపులి గారిని ముఖ్య అతిథిగా పిలిచారు. అడవి అడవంతా వచ్చి కూచుంది. ఎవరూ కిక్కురుమనలేదు.

"ఒకప్పుడు ఈ చిలక దగ్గరికి వెళ్లాలంటే భయం," అని ఉపన్యాసం మొదలెట్టారు గుబురయ్య గారు. "ఇప్పుడు చూడండి."

పంజా ఎత్తారు. ముక్కెర కదల్లేదు. ఈకలు లేవలేదు. గొంతు పెగల్లేదు. పంజా నెత్తి మీద పడింది. అప్పుడూ ఏమీ లేదు. జనం ఆహా ఓహో అన్నారు. గుబురయ్య గారికి ఊపొచ్చింది. "నిమరడమేంటి, ముద్దు కూడా పెట్టుకుంటాను" అని మూతి దగ్గరికి తీసుకెళ్లారు.

కొండమ్మ ముక్కెర మొహం వంక చూసింది. అన్నీ ఆపెయ్యగలిగారు గానీ కంటిపాపని ఎవరు ఆపగలరు? అది చిన్నదైంది, పెద్దదైంది, చిన్నదైంది.

"వద్దు!" అని అరిచింది కొండమ్మ. "అయ్యా, వద్దు! మూతి వెనక్కి తీసుకోండి! వద్దు వద్దు వద్దు!"

ఆ సభలో ఆ మాట వినపడటం అదే మొదలు. భటులు ఉలిక్కిపడ్డారు. పండగ పూట కిర్ర్ర్ మంటున్నదెవరని చూసి, పరిగెత్తుకెళ్లి పెద్ద బుట్ట కొండమ్మ నెత్తిన బోర్లించారు.

సరిగ్గా అప్పుడే ముక్కెర కరిచింది. అధ్యక్షుల వారి ముక్కు కొన మీద, ఎర్రగా, నిండుగా, అతిథి గారికి బాగా కనబడేలా.

ఆ తర్వాత ఆయన పెట్టిన కేకని వర్ణించను. పక్క అడవిలో కూడా విన్నారట.

"మూడో కాటు!" అన్నారు గుబురయ్య గారు ముక్కు పట్టుకుని. "విచారణ! ఇప్పుడే! ఇక్కడే!"

పానకాలు జామపండు తెచ్చాడు. ముక్కెర కమ్మగా తినేసింది. దాని తప్పేముంది? చెప్పినప్పుడల్లా బుట్ట వచ్చింది, కరిచినప్పుడల్లా జామపండు వచ్చింది. రెండేళ్ల చిలకైనా ఆ మాత్రం తేల్చుకోగలదు. తేల్చుకోలేనిది సభ ఒక్కటే.

"ఆస్థాన చిలకని ఏరు దాటించాలి. డేగల దిబ్బ మీద వదిలిపెట్టాలి" అని తీర్పు చదివాడు పానకాలు.

కొండమ్మని బుట్టలోంచి తీశారు. తీర్పు విని బండ మీదే కూలబడింది.

"అయ్యా, ఎగరలేని పిల్లయ్యా. నా నోట్లో నమిలి పెట్టి పెంచాను. దిబ్బ మీద డేగలకి అది ఒక్క పూట. నా మాట ఒక్కసారైనా వినుంటే ఇంతదాకా వచ్చేదా?"

"నియమం నియమమే" అన్నారు గుబురయ్య గారు.

"సరే. నేనూ దానితో వెళ్తాను. ఒళ్లో పెట్టుకుని కాసుకుంటాను. అదైనా ఒప్పుకోండి."

పానకాలు నియమాలు తిరగేశాడు. "కుదరదమ్మా. ఏరు దాటాలంటే అర్హత ఉండాలి. మూడు కాట్లు ఉన్నవాళ్లకే రేవులో అనుమతి."

కొండమ్మ కళ్లు తుడుచుకుంది. నెమ్మదిగా లేచింది.

"మూడేనా?" అంది.

"మూడే."

కొండమ్మ వయసుకి ఆ వేగం ఎవరూ ఊహించలేదు. ఒక్క గెంతు గెంతి అధ్యక్షుల వారి కుడి చెవి కరిచింది.

"ఒకటి" అంది.

"అమ్మో! విచారణ! విచారణ!" అన్నారు గుబురయ్య గారు. పానకాలు నియమం ప్రకారం కొండమ్మ చేతిలో జామపండు పెట్టాడు. ఆవిడ దాన్ని ముక్కెర కోసం పక్కన పెట్టుకుని కనకారావు వైపు తిరిగింది. కనకారావు దగ్గలేదు, నవ్వలేదు, ఎగరబోయాడు. తోకలో సగం ఈకలు కొండమ్మ నోట్లో మిగిలిపోయాయి.

"రెండు. ఇంకొకటుంది. ఎవరు ముందుకొస్తారు నాయనా?"

పానకాలు కళ్లు మూసుకుని, "నన్ను ఎక్కడ కరిచినా నీకే నొప్పి కొండమ్మా. ముక్కు కొన ఒక్కటే ఖాళీగా ఉంది, కానివ్వు" అన్నాడు.

"వద్దులే, నువ్వు పిల్లలు గలవాడివి" అని ఆవిడ వెనక్కి తిరిగి అధ్యక్షుల వారి ఎడమ చెవి కరిచింది. "మూడు. జతకి జత సరిపోయింది."

సభంతా గుడ్లప్పగించి చూస్తోంది. అందరి కంటే వెనక కూచున్న వీరాస్వామి లేచి నిలబడ్డాడు. మూడేళ్లు. పన్నెండు అర్జీలు. ఒక్కసారైనా విచారణ లేదు. కొండమ్మకి మూడు నిమిషాల్లో మూడు విచారణలు, మూడు జామపళ్లు.

"విచారణ కావాలంటే కరవాలా?" అన్నాడు. "ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా!"

వచ్చి అధ్యక్షుల వారి కాలి బొటనవేలు కరిచాడు. కుందేలు కాటు ఎంతుంటుంది? చీమ కుట్టినంత. అయినా నియమం నియమమే. జామపండిచ్చి, "ఏమిటి నీ ఫిర్యాదు?" అని అడిగాడు పానకాలు. మూడేళ్లలో మొదటిసారి ఎవరో తనని ఆ మాట అడిగారు. వీరాస్వామికి కళ్లనీళ్లు తిరిగాయి. మాట రాక ఇంకోసారి కరిచాడు.

ఇంక చూడండి. జింకలు లైన్లో నిలబడ్డాయి. వెనక పందులు. మేత సంగతికి ఒక కాటు, దారి సంగతికి ఒక కాటు, బుట్ట సంగతికి ఒక కాటు. బుట్ట మోసిన రేచుకుక్కలు కూడా "మాకు రెండు నెలల నుంచి సెలవు లేదు" అని వచ్చి తలో మూడు కరిచాయి. చివరికి పానకాలు ఒక ముల్లు పీకి, తన పేరు తనే రాసుకుని, మర్యాదగా వంగి అధ్యక్షుల వారిని మూడుసార్లు కరిచి, కలం బండ మీద పెట్టేశాడు.

మధ్యాహ్నమయ్యేసరికి జామపళ్లు అయిపోయాయి. గుబురయ్య గారి ఒంటి మీద చోటూ అయిపోయింది.

"అందరినీ! అందర్నీ ఏరు దాటించెయ్యండి!" అని ఏడుపు గొంతుతో అరిచారు.

"చిత్తం" అంది ముక్కెర.

ముక్కెరని ఒళ్లో పెట్టుకుని కొండమ్మ ముందు నడిచింది. వెనక అడవంతా నడిచింది. రేవు దగ్గర అనుమతి అడిగేవాళ్లు లేరు, వాళ్లూ ఆ గుంపులోనే ఉన్నారు. డేగలు దిబ్బ మీంచి చూశాయి. కుందేళ్లని చూసి నోరూరింది గానీ, ఆ వస్తున్న జనం కరిచే జనమని కబురు అప్పటికే ఏరు దాటేసింది. ఎందుకొచ్చిన గొడవని అవి వేరే కొండ చూసుకున్నాయి.

బండ మీద గుబురయ్య గారు, కనకారావు, అతిథి పెద్దపులి మిగిలారు. అడవి నిశ్శబ్దంగా ఉంది.

కనకారావు మిగిలిన తోక సర్దుకుని బొగ్గు తీశాడు. కిర్ర్ లు లేవు. అర్జీలు లేవు. కాట్లు కూడా లేవు, కరవడానికి ఎవరూ లేరు కనక. గీత నేలకి ఆనింది. పెద్దపులి గారు గీతని చాలాసేపు చూసి, "అద్భుతం. మా అడవికి ఎప్పుడొస్తారు?" అని అడిగారు. కనకారావు ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు.

దిబ్బ మీద మొదటి పని కాలవ తవ్వడం. వీరాస్వామి ఏ పక్కకి తిప్పమంటే ఆ పక్కకి తిప్పారు. కొత్త బొరియ పొడిగా ఉంది. పెళ్లాంపిల్లలు హాయిగా కాళ్లు చాపుకుని పడుకున్నారు. ఆ సంబరం పట్టలేక వీరాస్వామి పొద్దున్నే కొండమ్మ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ భుజం మీద ముక్కెర కూచునుంది. పీక్కున్న చోట లేత ఈకలు అప్పుడే మొలుస్తున్నాయి.

"అంతా నీ చలవేనే బుజ్జితల్లీ!" అని వీరాస్వామి ముచ్చటపడి దాని నెత్తి మీదికి చెయ్యి ఎత్తాడు.

కంటిపాప చిన్నదైంది, పెద్దదైంది. మెడ మీద ఈకలు ఒకటీ రెండూ లేచాయి. తర్వాత అన్నీ లేచాయి. చాన్నాళ్ల తర్వాత, గొంతులో ఎక్కడో అడుగు నుంచి "కిర్ర్ర్" అని వచ్చింది. దాని వెనకే, ఉత్సవం నాడు విన్న ఒక కొత్త మాట కూడా వచ్చింది.

"వద్దు" అంది ముక్కెర.

"సరే తల్లీ, వద్దంటే వద్దు" అని వీరాస్వామి చెయ్యి కిందికి దించి ఒక అడుగు వెనక్కి వేశాడు.

అంతే. ఎవరూ కేకలు పెట్టలేదు, ఎవరూ కరవలేదు, పండూ రాలేదు, బుట్టా రాలేదు. కొండమ్మ మాత్రం ఆ పిల్లని గుండెకి హత్తుకుని భోరున ఏడ్చింది, నవ్వుతూనే. కాసేపటికి ముక్కెరే కిందికి దిగి, ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి, వీరాస్వామి చెవి పక్కన తల వంచి నిలబడింది, నిమరమని.

ఇంతకీ నీతేమిటంటారా? మీరుండేది దిబ్బ మీదైతే ఏ నీతీ అక్కర్లేదు, బండ దగ్గరైతే మాత్రం ఇది గుర్తుంచుకోండి: చెబితే బుట్ట, కరిస్తే జామపండు.